సూర్యుడి ఇరుగుపొరుగు కోసం: బెజవాడ, గుంటూరు, సూర్యలంక

గురువారం

హైదరాబాద్ నుంచి విజయవాడకు రోడ్డు మీద దాదాపు 275 కిలోమీటర్లు. ఈ దూరం నాకు చాలా ఏళ్లుగా ఇంకో లెక్కలో గుర్తుంటోంది. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న పదిహేను కోట్ల కిలోమీటర్లను ఒక్క మీటరుకు కుదించామనుకోండి. అప్పుడు మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 268 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దానికి బంధువులైన ఆల్ఫా సెంటారీ జంట 276 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సూర్యుణ్ని హైదరాబాద్ బస్టాండు ఎంజీబీఎస్‌లో పెడితే ఆల్ఫా సెంటారీ బెజవాడ బస్టాండుకు వస్తుందన్నమాట.

పొద్దున్నే బస్సెక్కాను. బ్యాగులో 70 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు, దాని స్టాండు ఉన్నాయి. ఆల్ఫా సెంటారీని మామూలు కంటితో ఇదివరకే చూశాను. అది రెండు నక్షత్రాలుగా విడిపోవడం మాత్రం చూడలేదు. హైదరాబాద్‌లో మా దక్షిణం వైపంతా అపార్ట్‌మెంట్లే. ఈ నక్షత్రమేమో ఎప్పుడూ అటు దిక్కున కిందనే తిరుగుతుంది. అడ్డు లేని దక్షిణం కావాలంటే మన గుంటూరు వైపు సముద్రం ఒడ్డుకే పోవాలి. వైశాఖ అమావాస్య శనివారం పడింది, అక్క వాళ్లు గుంటూరులోనే ఉన్నారు. ఇంకేం కావాలి!

దారి పొడుగునా ఆ లెక్కే వేసుకుంటూ కూర్చున్నాను. ఈ కొలతలో సూర్యుడు శనగ గింజంత ఉంటాడు. భూమి మీటరు దూరంలో కంటికి ఆనని నలుసు. నెప్ట్యూన్ 30 మీటర్ల దగ్గర తిరుగుతుంది. 1977లో బయల్దేరిన వ్యోమనౌక వాయేజర్-1 ఇప్పటికి 170 మీటర్లు వెళ్లింది, అంటే ఇంకా బస్టాండు పరిసరాల్లోనే ఉంది. ఏడాదికి అది కదిలేది మూడున్నర మీటర్లు. ఆ వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది. కాంతి కూడా ఈ రోడ్డు మీద సెకనుకు రెండు మిల్లీమీటర్లే పాకుతుంది. నార్కట్‌పల్లి దాటేదాకా సూర్యుడి పట్టులో ఉన్న మంచు ముద్దలు ఎక్కడో ఒకటి చొప్పున తిరుగుతుంటాయని అంచనా. ఆ తర్వాత ఇక ఏమీ లేదు. సూర్యాపేటలో టీకి ఆపినప్పుడు కిందికి దిగి రోడ్డుకు అటూ ఇటూ చూశాను. సగం దారి వచ్చాం, రెండు వైపులా అంతా ఖాళీయే.

ఇబ్రహీంపట్నం దాటి గొల్లపూడి వస్తుంటే, రోడ్డుకు కాస్త పక్కగా ఎక్కడో ఒక ఆవగింజ ఉందనుకున్నాను. అదే ప్రాక్సిమా. జంట నక్షత్రాలకు అది 13 కిలోమీటర్ల దూరంలో, మన వైపుకు కొంచెం ముందుగా ఉంటుంది. 1915లో దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్ నుంచి రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టాడు. అది ఎర్ర మరుగుజ్జు నక్షత్రం. ఎంత మసకంటే, ఇంత దగ్గర ఉండి కూడా మామూలు కంటికి కనిపించదు. 2016లో దాని చుట్టూ భూమి అంత బరువుండే గ్రహం ఒకటి దొరికింది. మన కొలతలో ఆవగింజకు ఐదు సెంటీమీటర్ల దూరంలో, పదకొండు రోజులకు ఒక చుట్టు చొప్పున తిరుగుతోంది. నక్షత్రం చిన్నది, మసకది కాబట్టి అంత దగ్గర తిరుగుతున్నా ఆ గ్రహానికి అందే వెలుగు భూమికి అందే దానిలో 65 శాతమే. అక్కడ వాతావరణమంటూ ఉంటే నీరు నీరుగానే నిలవగలదు.

బెజవాడలో దిగేసరికి ఎండ మండిపోతోంది. గదిలో పడుకుని, చల్లబడ్డాక ఏడున్నరకు ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లాను. చీకటి పడినా పిట్టగోడ చేతికి ఇంకా వేడిగానే తగులుతోంది. ఎగువన నిండుగా నీళ్లు, దిగువన ఇసుక. నైరుతిలో ఉండవల్లి కొండల మీద తెల్లగా తళతళలాడే చుక్క ఒకటి కనిపించింది. మన వాళ్లు మృగవ్యాధుడు అనే సిరియస్ అదే. దూరం 8.6 కాంతి సంవత్సరాలు, అంటే కాంతికి 8.6 ఏళ్లు పట్టేంత. ఆకాశంలో ఇంతకన్నా వెలిగే నక్షత్రం ఇంకోటి లేదు. జీవం కోసం వెతికేవాళ్లకు మాత్రం దీని మీద పెద్దగా ఆశ లేదు. వయసు 24 కోట్ల ఏళ్లే. భూమి మీద డైనోసార్లు తలెత్తే కాలానికి ఇది పుట్టింది. పైగా దీనికి తోడుగా ఉన్న ఇంకో నక్షత్రం అప్పుడే ఉబ్బి, ఆయుష్షు తీరి, భూమి అంత సైజు తెల్ల మరుగుజ్జుగా మిగిలింది. 1862లో ఆల్వన్ గ్రాహం క్లార్క్ దాన్ని మొదటిసారి చూశాడు. అలాంటి చోట ఏ గ్రహమైనా నిలదొక్కుకుని, దాని మీద నెమ్మదిగా ఏదో మొలకెత్తడానికి సమయమేదీ?

పదకొండు దాటాక పద్మావతి ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. ముందు ఇసుక తిన్నెలు, మధ్యలో నీటి పాయలు, అవతల తాడేపల్లి దీపాలు. ఆ దీపాల పైన, దుమ్ము పొరలోంచి, రెండు చుక్కలు పక్కపక్కన కనిపించాయి. ఎడమవైపుది ఆల్ఫా సెంటారీ, కుడివైపుది బీటా. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఆల్ఫా 4.37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, బీటా దాదాపు 390 దగ్గర ఉంది. ఇంకా కుడికి ఒరిగి త్రిశంకు. విశ్వామిత్రుడు దక్షిణాన కట్టిన వేరే స్వర్గం. బెజవాడలో ఆల్ఫా సెంటారీ 13 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కదు. చంద్రుడి దారికి బాగా దూరంగా ఉండడంతో మన 27 నక్షత్రాల్లో దీనికి చోటు దక్కలేదు. టెలిస్కోపు పెట్టి చూశాను. కింద ఇసుక లోంచి లేస్తున్న వేడి గాలికి ఆ చుక్క నీళ్లలో దీపంలా చెదిరిపోతోంది. ఇక్కడ ఇంతకు మించి కుదరదు.

శుక్రవారం

గుంటూరు చేరేసరికి అక్క గోంగూర పప్పు చేసి ఉంచింది. "ఈ ఎండల్లో చుక్కల కోసం ఊళ్లు తిరుగుతున్నావా?" అని నాలుగు చీవాట్లు పెట్టి, మజ్జిగ చేతికిచ్చింది. బావగారు మాత్రం సూర్యలంకకు కారు తీస్తానన్నారు. మేనకోడలు ఇంటర్ సెకండియర్‌కు వస్తోంది. దాని ప్రశ్నలు నేను చెప్పులు విప్పకముందే మొదలయ్యాయి.

గుంటూరుకు వచ్చిన ప్రతిసారీ నాకు 1868 ఆగస్టు 18 గుర్తొస్తుంది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ఊరి మీదుగా పోయింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జూల్ జాన్సెన్ ఇక్కడికే వచ్చాడు. బ్రిటిష్ వాళ్ల తరఫున టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే మకాం వేసింది. చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పినప్పుడు అంచున ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. అవేమిటో అప్పటిదాకా ఎవరికీ తెలీదు. జాన్సెన్ ఆ వెలుగును వర్ణపటంగా, అంటే రంగుల పట్టీగా విడదీసి చూశాడు. మెరిసే గీతలు కనిపించాయి. అవి మండే హైడ్రోజన్ వాయువువని తేలిపోయింది. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని అతనికి అక్కడికక్కడే తట్టింది. మర్నాడు గుంటూరు ఎండలోనే చూసి చూపించాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తనకు తానుగా అదే పద్ధతి కనిపెట్టాడు. సూర్యుడి వెలుగులో దొరికిన ఒక పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో దానికి హీలియం అని పేరు వచ్చింది. ఆ హీలియం భూమి మీద 1895లో గానీ రామ్సే చేతికి చిక్కలేదు. ఒక పదార్థాన్ని ముందు సూర్యుడిలో చూసి, తర్వాత ఇంట్లో పట్టుకున్నారు. ఈ కథలో మన గుంటూరుకు అంత చోటున్నా, ఊళ్లో పిల్లలకు ఎవరూ చెప్పరు. అది నాకు నిజంగా బాధ.

మేనకోడలికి చెప్పాను. "గీతలంటే ఎలా ఉంటాయి మావయ్యా?" అంది. బీరువాలోంచి పాత సీడీ ఒకటి తెమ్మన్నాను. హాల్లో పాత ట్యూబ్‌లైట్ వేసి, సీడీని ఏటవాలుగా పట్టుకోమన్నాను. పచ్చ పట్టీ విడిగా, ఊదా పట్టీ విడిగా, మధ్యలో నల్లటి ఖాళీలతో కనిపించాయి. తర్వాత పూజగదిలోని పాతకాలపు బల్బు కింద పట్టుకుంది. ఈసారి ఎరుపు నుంచి ఊదా దాకా రంగులు ఎక్కడా తెగకుండా వచ్చాయి. మళ్లీ ట్యూబ్‌లైట్ కిందికి పరిగెత్తింది. "లోపల ఏ ఆవిరి ఉందో ఈ పట్టీలే చెప్పేస్తాయా?" అని అడిగింది. చెప్పేస్తాయి. ఆ పట్టీలు ఎక్కువగా ట్యూబు లోపలి పాదరసం ఆవిరి వల్ల, గాజుకు పూసిన పూత వల్ల వస్తాయి.

ప్రాక్సిమా గ్రహాన్ని పట్టుకున్నదీ ఈ దారిలోనే. గ్రహం తిరుగుతుంటే దాని లాగుడుకు నక్షత్రం కూడా కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. నక్షత్రం మన వైపు వస్తున్నప్పుడు దాని వర్ణపటంలో గీతలు నీలం వైపుకు, దూరం పోతున్నప్పుడు ఎరుపు వైపుకు వెంట్రుకవాసి జరుగుతాయి. ఆ జరుగుడు పదకొండు రోజులకోసారి తిరిగి తిరిగి వస్తోంది. దాన్నిబట్టి ప్రాక్సిమా ఊగే వేగం సెకనుకు సుమారు 1.4 మీటర్లని లెక్క తేల్చారు. బ్రాడీపేటలో సాయంత్రం పూట కూరగాయలకు వెళ్లే మనిషి నడక అంతే. నాలుగు కాంతి సంవత్సరాల అవతల ఒక నక్షత్రం నడక వేగాన్ని కొలవగలిగారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రాత్రి డాబా మీద మాట్లాడుకుంటూ కూర్చున్నాం. "అయితే అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని బావగారు సూటిగా అడిగారు. నాకున్న అనుమానమంతా ఆ నక్షత్రం తీరు మీదేనని చెప్పాను. ప్రాక్సిమా ఉన్నట్టుండి రేగిపోతుంది. 2016 మార్చిలో వచ్చిన ఒక్క జ్వాలకు దాని వెలుగు కొద్దిసేపు 68 రెట్లు పెరిగింది. అంత దగ్గర తిరిగే గ్రహం మీద అలాంటి దెబ్బలు మళ్లీ మళ్లీ పడుతుంటే గాలి పొర నిలుస్తుందా? పైగా అంత దగ్గర ఉన్న గ్రహం బహుశా ఒకే ముఖం ఎప్పుడూ నక్షత్రానికి చూపిస్తూ ఉంటుంది. ఒక వైపు ఎప్పటికీ పగలు, ఇంకో వైపు ఎప్పటికీ రాత్రి. మందమైన వాతావరణం ఉంటే వేడిని అటూ ఇటూ పంచగలదు, లేకపోతే లేదు. సూర్యుడి చుట్టుపక్కల నక్షత్రాల్లో నాలుగింట మూడు ఇలాంటి ఎర్ర మరుగుజ్జులే. అందరూ ఇంత దుడుకు కాదు. 11 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న రాస్ 128 చాలా నెమ్మది నక్షత్రం. దాని గ్రహాన్ని 2017లో ప్రకటించారు. 6 కాంతి సంవత్సరాల దగ్గరున్న బర్నార్డ్ నక్షత్రం కూడా ముసలితనంతో సద్దుమణిగిందే గానీ, 2024, 2025లలో దాని చుట్టూ దొరికిన నాలుగు చిన్న గ్రహాలూ మరీ దగ్గరగా తిరుగుతూ మాడిపోతున్నాయి.

"ఎండ ఎంత అన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఎండ ఎలాంటిదన్నది కూడా చూడాలన్నమాట," అన్నారు బావగారు. కరెంటు పోయింది. చుక్కలు ఇంకాస్త తేటగా కనిపించాయి.

శనివారం

మధ్యాహ్నం దాటాక పొన్నూరు మీదుగా బాపట్ల వైపు బయల్దేరాం. దారిలో తాటి ముంజలు అమ్ముతుంటే ఆగి చెట్టు నీడన తిన్నాం. సూర్యలంకలో సాయంత్రం దాకా జనం కిటకిటలాడారు. బీచ్‌కు దగ్గరలో గది తీసుకుని, భోజనాలయ్యాక రాత్రి పదింటికి ఇసుకలో స్టాండు పాతాను. పడవల దగ్గర వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "ఏం చూస్తారండీ దీంట్లో?" అని అడిగి పక్కనే కూర్చున్నాడు.

ఇక్కడ దక్షిణం అంతా సముద్రమే. కింద ఆకాశం సముద్రాన్ని తాకే గీత దాకా ఒక్క దీపం లేదు. దారి ఎలా వెతకాలో మేనకోడలికి చూపించాను. స్వాతి సరిగ్గా నడినెత్తికి వచ్చింది. అక్కడి నుంచి చూపు నేరుగా దక్షిణానికి దించుతూ పోతే సముద్రం తాకబోయే ముందు రెండు దీపాల్లా ఆల్ఫా, బీటా సెంటారీలు. మే నెల మధ్యలో రాత్రి పదకొండు గంటల వేళ మన కోస్తాలో ఎవరైనా ఇలాగే పట్టుకోవచ్చు.

మొదట సన్నగా వణికే ఒకే వెలుగు కనిపించింది. పెద్ద ఐపీస్ (కన్ను ఆనించి చూసే అద్దం) తీసి ఎక్కువ పెంచి చూపే చిన్నది పెట్టి, ఫోకస్ మెల్లగా తిప్పాను. గాలి ఒక్క క్షణం కుదురుకుంది. వెలుగు రెండుగా విడిపోయింది. ఒకటి పెద్దది, లేత పసుపు. దాన్ని ఆనుకుని ఇంకోటి, కొంచెం చిన్నది, కాస్త నారింజ రంగు. మధ్యలో సన్నటి నల్ల సందు. మళ్లీ అల వచ్చినట్టు కలిసిపోయాయి, మళ్లీ విడిపోయాయి. పెద్దది దాదాపు మన సూర్యుడి లాంటిదే, బరువు పదో వంతు ఎక్కువ. చిన్నది పదో వంతు తక్కువ. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి ఎనభై ఏళ్లకో చుట్టు తిరుగుతాయి. బెజవాడ బస్టాండులో పెట్టుకున్న మన కొలతలో వాటి మధ్య దూరం 11 నుంచి 36 మీటర్ల దాకా మారుతూ ఉంటుంది. మేనకోడలు అద్దం నుంచి కన్ను తీయకుండా చాలాసేపు అలాగే ఉండిపోయింది. పెద్దాయన చూసి, "రెండున్నాయండోయ్!" అని పడవ దగ్గరి వాళ్లను కేకేశాడు.

ఈ తీరం వెంటే దక్షిణానికి పోతే పుదుచ్చేరి వస్తుంది. 1689 డిసెంబరులో అక్కడ జాన్ రిషో అనే జెస్యూట్ క్రైస్తవ ఫాదరీ తోకచుక్కను చూస్తూ, ఆల్ఫా సెంటారీ ఒకటి కాదు రెండని మొదటిసారి గమనించాడు. మనం చూస్తున్న ఇదే బంగాళాఖాతం ఒడ్డున! దాని దూరం తెలియడానికి ఇంకా నూట యాభై ఏళ్లు పట్టింది. దక్షిణాఫ్రికా కేప్‌లో 1832, 33లలో థామస్ హెండర్సన్ కొలిచిన లెక్కలు 1839లో బయటికి వచ్చాయి.

ఆ పెద్ద పసుపు నక్షత్రం వైపు అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసినప్పుడు పక్కన ఒక మసక చుక్క కనిపించిందని 2025 ఆగస్టులో ప్రకటించారు. నిజంగా గ్రహమే అయితే అది శని అంత బరువుండే వాయు గోళం, సూర్యుడికీ భూమికీ ఉన్న దూరానికి రెండింతల దూరంలో తిరుగుతోంది. 2024 ఆగస్టులో కనిపించింది, మళ్లీ చూస్తే కనిపించలేదు. నక్షత్రానికి మరీ దగ్గరగా జరిగి ఉండొచ్చు. అందుకే ఇంకా ఖాయం చేయలేదు. వాయు గోళం మీద నిలబడేందుకు నేల ఉండదు. దాని చుట్టూ చందమామలుంటే మాత్రం ఆలోచించాల్సిందే. "మావయ్యా, చందమామ మీద సముద్రం ఉంటుందా?" అని మేనకోడలు అడిగింది. మన బృహస్పతి చందమామ యూరోపాలో మంచు పొర కింద సముద్రం ఉందని గట్టి ఆధారాలున్నాయని చెప్పాను. ఎదురుగా ఉన్న సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

ప్రాక్సిమా కోసం కూడా ఆ జంటకు రెండు డిగ్రీల దూరంలో టెలిస్కోపు తిప్పాం. ఇంత చిన్న టెలిస్కోపులో, సముద్రపు తేమలోంచి అది కనిపించే వెలుగు కాదు. అది ఉన్న చోటు చూస్తున్నామన్నదే సంతోషం. అది పక్కన పెడితే, దాని గ్రహం తన నక్షత్రం ముందుగా మనకు అడ్డం రాదు. అడ్డం వస్తే నక్షత్రపు వెలుగు గ్రహం గాలి పొరలోంచి వడకట్టుకుని వస్తుంది, దాన్ని వర్ణపటంగా విడదీసి ఏ వాయువులున్నాయో చదవొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. గ్రహం వెలుగునే నక్షత్రం వెలుగు నుంచి వేరు చేసి చూడాలి. చిలీలో 39 మీటర్ల అద్దంతో కడుతున్న టెలిస్కోపు మీద అందుకే ఆశ. అది కుదిరితే ఆక్సిజన్ ఉందా, నీటి ఆవిరి ఉందా అని జాన్సెన్ చేసినట్టే గీతల్లో చదువుతారు. వేల కాంతి సంవత్సరాల అవతలి గ్రహాల గురించి ఎంత వార్త వచ్చినా, ఇలా చదవడానికి వీలయ్యేవి ముందుగా ఈ ఇరుగుపొరుగులే. అందుకే వీటి మీద నాకింత మమకారం.

అర్ధరాత్రి తూర్పున సముద్రం మీద శ్రవణం పైకి వచ్చింది. మేనకోడలి జన్మనక్షత్రం అదే. "నాదెంత దూరం?" అంది. 16.7 కాంతి సంవత్సరాలు. మన 27 నక్షత్రాల్లో నిజంగా పొరుగున ఉన్నట్టు లెక్క. స్వాతి 37 దగ్గర ఉంది, రోహిణి 65 దగ్గర. శ్రవణం మాత్రం తొమ్మిది గంటలకోసారి గిర్రున తిరిగే వేడి నక్షత్రం, ఆ తిరుగుడుకు నడుము ఉబ్బి కోడిగుడ్డులా ఉంటుంది. ఆయుష్షు కూడా తక్కువ.

ఆదివారం

ఎండెక్కకముందే గుంటూరు వచ్చేశాం. నిద్ర లేని కళ్లతో వంటింట్లో ఇడ్లీలు తింటూ మళ్లీ అదే మాట. నువ్వైతే దేని మీద ఆశ పెట్టుకుంటావని అక్క అడిగింది. నక్షత్రాల సంగతి అక్క అడగడం నేను వినడం ఇదే.

నా మటుకు ఆల్ఫా సెంటారీ బీ మీద, అంటే ఆ జంటలో చిన్నదాని మీద, ఇంకా టౌ సెటీ అనే నక్షత్రం మీద ఆశ ఉంది. సూర్యుడి కన్నా కాస్త చిన్నవి, నిలకడగా మండేవి, మనకన్నా ఎక్కువ కాలం బతికేవి. భూమి మీద జీవం జంతువుల దాకా ఎదగడానికి మూడు వందల కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. అంత ఓపిక గల నక్షత్రం కావాలి. టౌ సెటీ 11.9 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1960లో ఇంకెవరైనా ఉన్నారేమో, సంకేతాలు వస్తాయేమోనని ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్ రేడియో టెలిస్కోపును మొట్టమొదట తిప్పిన రెండు నక్షత్రాల్లో ఇదొకటి. రెండోది ఎప్సిలాన్ ఎరిడానీ, అది ఇంకా వంద కోట్ల ఏళ్లు కూడా నిండని కుర్ర నక్షత్రం. ఏ సంకేతమూ రాలేదు. టౌ సెటీ చుట్టూ గ్రహాలున్నాయని 2012లో, 2017లో ప్రకటించారు, తర్వాతి పరిశీలనలతో అవి సందేహంలో పడ్డాయి. దాని చుట్టూ రాళ్లు, మంచు ముద్దల పోగు మన దగ్గరికన్నా పది రెట్లకు పైగా ఎక్కువ. గ్రహాలున్నా వాటి మీద రాళ్ల వాన తప్పకపోవచ్చు. అయినా నా ఆశ పోలేదు.

మేనకోడలు గోడ మీద క్యాలెండర్ తీసి తిప్పింది. టౌ సెటీకి సముద్రం దాకా పోనక్కర్లేదు, గుంటూరు డాబా చాలు. కార్తీక మాసంలో రాత్రి పది గంటల లోపు దక్షిణం వైపు తిరిగితే, సగం కన్నా ఎక్కువ ఎత్తులో బీటా సెటీ ఒంటరిగా వెలుగుతుంటుంది. దానికి ఎడమవైపు, కొంచెం మసకగా ఉండేదే టౌ సెటీ. వీధి దీపం కంట్లో పడకుండా నీళ్ల ట్యాంకు చాటున నిలబడి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా పావుగంట ఆగాలి.